మారుపలుకు

ఆ సీసాలో ఉన్న జన్యువుకి దిష్టిచుక్క ఉంది. అది వకుళది.

తెర మీద బారులు తీరిన అక్షరాల మధ్య ఆ ఒక్క అక్షరం దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ఆ చోట లోకంలో దాదాపు అందరికీ ఒకటే అక్షరం ఉంటుంది. వకుళకి వేరేది. దానివల్ల మంచీ లేదు, చెడూ లేదు. పదహారేళ్ల కిందట ఉద్యోగంలో చేరినప్పుడు, జన్యువులు చదివే యంత్రం మీద చెయ్యి తిరగడానికి కొత్తవాళ్లంతా ఎవరి రక్తం వాళ్లే చదువుకున్నారు. అప్పుడు బయటపడింది. "మీవాళ్లు నీ జన్యువుకి కూడా దిష్టిచుక్క పెట్టి పంపారమ్మా" అని డైరెక్టర్ గోవర్ధనరావు అందరినీ నవ్వించాడు.

ఇప్పుడా చుక్క ఆయన మనవరాలికి ఇవ్వబోయే మందులో ఉంది.

సీసా మీద చీటీ స్పష్టంగానే ఉంది. మందు: సాధారణం. రోగి: ఇందుజ, ఏడేళ్లు. పరీక్ష పూర్తయింది. కింద గోవర్ధనరావు సంతకం. పరీక్ష అయిన సీసాని మళ్లీ ఎవరూ చదవరు. కానీ ఈ పదహారేళ్లలో ఆయన తన చేత్తో ఒక్క సీసా చదివి ఎరగడు. అది వకుళ పని. ఆ సంతకం చూసే ఆమెకి అనుమానం వచ్చింది. అందుకే ఒక చుక్క తీసి యంత్రంలో పెట్టింది.

సాధారణ మందులో ఎవరి జన్యువూ ఉండకూడదు. ఉండదు. భీమిలి రోడ్డు పక్కన కొండ వాలులో ఉన్న ఈ ప్రాణదీప్తి పరిశోధనాలయానికి పేరు తెచ్చింది ఆ సంగతే.

ఆ మందు ఎలా పనిచేస్తుందో అప్పలనరసమ్మ చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు. ఆమె వార్డు నర్సు. పిల్లల తల్లులకి పంచాంగం చూపించి చెప్పేది. మన ఒంట్లో ప్రతి జన్యువూ రెండు ప్రతులు. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. అమ్మ ఇచ్చిన పంచాంగంలో ఉగాది పేజీ చిరిగింది, నాన్న ఇచ్చిన దాంట్లో దసరా పేజీ చిరిగింది అనుకోండి. రెండూ పాడైనవే కాబట్టి పిల్లకి జబ్బు. పొట్టలో ప్లీహం ఉబ్బుతుంది, ముట్టుకుంటే కమిలిపోతుంది, ఎముకలు నొప్పులు. ఈ మందు వెళ్లి రక్తకణాలకి ఒక మాట చెబుతుంది: ఇందులో చిరిగిన పేజీ అందులో బాగుంది, చూసి రాసుకో. అంతే. బయటినుంచి ఏదీ తేనక్కర్లేదు.

దీన్ని జీన్ కన్వర్షన్ అంటారు. ఒక జన్యువు పక్కనున్న జన్యువుని తనలా మార్చేసుకోవడం. పరిణామం లక్షల ఏళ్లుగా గుట్టుగా చేస్తున్న పనిని మేం పది రోజుల్లో చేయిస్తున్నాం అని గోవర్ధనరావు సభల్లో అనేవాడు. చప్పట్లు మోగేవి.

ఆయన సభల్లో అననిది ఇంకొకటి ఉంది. ఈ జబ్బుకి కారణమైన జన్యువుకి పక్కనే దాన్ని పోలిన చచ్చుజన్యువు ఒకటి పడి ఉంటుంది. ఎప్పుడో పరిణామంలో పనికిరాకుండా పోయింది. అప్పలనరసమ్మ భాషలో నిరుటి పంచాంగం. అట్ట ఒకటే, అచ్చు ఒకటే, తిథులన్నీ తప్పు. రెండు ప్రతుల్లోనూ ఒకే పేజీ చిరిగి ఉంటే, బాగున్న పేజీ ఎక్కడా దొరకదు. అప్పుడు కణం ఊరుకోదు. చూసి రాసుకోమన్నారు కదా. పక్కనున్న నిరుటి పంచాంగం తీసి మొత్తం రాసేసుకుంటుంది. అంతవరకు కుంటుతూ నడిచిన జన్యువు పూర్తిగా చచ్చిపోతుంది. నెల తిరక్కుండా పిల్ల కూడా.

రెండు ప్రతుల్లోనూ ఒకే పేజీ ఎవరికి చిరుగుతుంది? ఇద్దరు తల్లిదండ్రులూ ఒకే తాత నుంచి ఒకే పంచాంగం తెచ్చుకున్నప్పుడు. అంటే మేనరికంలో.

వకుళ మేనబావని చేసుకుంది. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు గగన్ ఎనిమిదో ఏట పోయాడు. పద్నాలుగు నెలలయింది. వాడికి ఇచ్చిన మందు ఆమె తన చేతులతోనే నింపింది.

*

గోవర్ధనరావుకి తెలియక జరిగిందని విచారణ సంఘం తేల్చింది. మేనరికానికీ మందుకీ సంబంధమే లేదని ఆయన రాసిచ్చాడు. ఒకవేళ ఉన్నా, తల్లి కూడా ఇక్కడి శాస్త్రవేత్తే కదా, ఆమే దాచింది అన్నాడు. గగన్ దరఖాస్తు తీసి చూపించాడు. దంపతులకు రక్తసంబంధం ఉందా అన్న ప్రశ్నకి వకుళ 'ఉంది' అని రాసి, దాన్ని కొట్టేసి, కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టింది.

ఆ సంతకం ఆయన గదిలో, ఆయన పెన్నుతో, ఆయన చెబితే పెట్టింది. రెండు ప్రతుల్లో రెండు వేర్వేరు చోట్ల దెబ్బ ఉందని యంత్రం చదివింది చూడు అన్నాడు. యంత్రం చెప్పాక ఈ ముసలమ్మ ముచ్చట్లు ఎందుకన్నాడు. యంత్రం నిజంగానే అలా చదివింది. పక్కనున్న చచ్చుజన్యువు అక్షరాల్ని రెండో ప్రతి అనుకుని పొరబడింది. అది ఆ చోట అలా పొరబడుతుందని అప్పటికే ముగ్గురు పిల్లల విషయంలో ఆయనకి తెలుసు.

తెలుసని గగన్ పోయాక వకుళతో చెప్పింది అప్పలనరసమ్మ. పాత దరఖాస్తులో ప్రశ్న ఆమె పెట్టించినదే. పెళ్లికి ముందు నీ పెనిమిటిని ఏమని పిలిచేదానివి? బావ అంటే ఒక గుర్తు, మావ అంటే ఒక గుర్తు. ఎవరూ తడుముకోకుండా చెప్పేవాళ్లు. మందు వికటించిన ముగ్గురూ బావ ఇళ్ల పిల్లలేనని ఆమె వెళ్లి డైరెక్టరుతో చెప్పింది. వారం తిరక్కుండా ఆ ప్రశ్న పోయింది. దాని బదులు 'రక్తసంబంధం ఉందా?' వచ్చింది. మనవాళ్లలో మేనరికాన్ని రక్తసంబంధం అని ఎవరనుకుంటారు? ఇంటిపేరు వేరు, గోత్రం వేరు, వావి కుదిరింది, అంతే. అందరూ లేదు అని రాశారు. మేనరికాలు తీసేస్తే సగం మంది రోగులు తగ్గిపోతారు, ప్రయోగం ఆగిపోతుంది. ఇప్పుడు కాగితం మీద ఎవరూ మేనరికం కాదు. పాత కాగితాలు కాలిపోయాయి.

"నానేటి సెప్పినా సాచ్చికం నేదు గదా అమ్మా" అంది అప్పలనరసమ్మ ఆరోజు. "ఆయన నోటంట రావాల. ఆ నోరు ఇడిసీ నోరు కాదు."

గగన్ పోయాక బావ అనకాపల్లి వెళ్లిపోయాడు. మేనత్త ఫోన్ ఎత్తడం మానేసింది. బయటి సంబంధం తెగితే ఒక్క మొగుడే పోతాడు. మేనరికం తెగితే పుట్టిల్లూ సగం పోతుంది. అయినా వకుళ ఉద్యోగం మానలేదు. అందరూ మొండిదన్నారు. తీసేస్తే నోరు విప్పుతుందని గోవర్ధనరావు కూడా ఉంచుకున్నాడు.

ఇప్పుడు తెర ముందు కూర్చున్న వకుళకి ఇంకొకటి గుర్తొచ్చింది. గగన్‌కి మందు ఇచ్చే ముందు, వాడి రక్తం యంత్రం ఇంకా చదవకముందే, ఆమె బతిమాలింది. నాకు జబ్బు లేదు సార్, అంటే నా రెండు ప్రతుల్లో ఒకటి బాగున్నదే, దాన్ని తీసి వాడికి అరువివ్వండి, దాన్ని చూసి రాసుకుంటాడు అంది. ఆయన ఆమె రక్తం తీసుకున్నాడు. నమూనా నూట పద్నాలుగు. నెల తరవాత కుదరదన్నాడు. అరువు ప్రతి ఒంట్లో నిలవదన్నాడు.

కుదిరింది. సగంలో ఆపేసి ఫ్రీజర్‌లో పడేసిన దాన్ని తీసి, ఎవరికీ చెప్పకుండా పూర్తిచేశాడు. సాధారణం అని చీటీ అంటించాడు. ఎందుకంటే ఆయన కూతురు రోహిణి చేసుకున్నది సొంత మేనమామని. ఎందుకంటే ఎల్లుండి పొద్దున పది గంటలకి, విచారణ సంఘం అధ్యక్షురాలి ఎదుట, కెమెరా ముందు, నా మందు మీద నమ్మకం లేనివాళ్లు చూడండి, నా మనవరాలికే ఇస్తున్నాను అని పేపర్లకి చెప్పాడు.

వకుళ యంత్రం ఆపింది. ఏడవలేదు. పద్నాలుగు నెలల తరవాత మొదటిసారి ఆకలి వేసింది. క్యాంటీన్‌కి వెళ్లి రెండు ప్లేట్ల ఉప్మా తింది.

*

ప్రాణదీప్తిలో ఒక కట్టుబాటు ఉంది. అదీ గోవర్ధనరావు పెట్టినదే. చీటీకి, లోపలి మందుకి తేడా ఉంటే ఆ సీసాని సీలు వేసి పక్కన పెట్టాలి, చీటీలో రాసిన మందే కొత్త సీసాలో తేవాలి. సూది గుచ్చే ముందు, తెచ్చినవాళ్లు చీటీ పైకి చదవాలి, వైద్యుడు అదే మాట తిరిగి పలకాలి. మారుపలుకు అనేవారు. మారుపలుకు పడకపోతే సూది పడదు.

వకుళ తప్పేమీ చేయదలచుకోలేదు. ఆయన కట్టుబాటు ఆయనకే అప్పజెబుతోంది, అంతే.

మందు ఇచ్చే రోజు పొద్దున ఎనిమిదింటికి కొత్త సీసా ముందు కూర్చుంది. చేతులు మొదట అసలు మందే నింపాయి. గగన్‌కి నింపినదే. ఆ సీసాని వెలుతురులో పట్టుకుని ఒక నిమిషం చూసింది. ఈ పిల్ల పోతే గోవర్ధనరావు ఏడుస్తాడు. ఏడ్చేవాణ్ని లోకం ఓదారుస్తుంది. పేపర్లో ఫొటో వేస్తారు. ఆయనకి ఓదార్పు దొరకని శిక్ష కావాలి.

మందు సింకులో పోసింది. సీసాలో ఉప్పునీళ్లు నింపి, సాధారణం అని చీటీ అంటించింది. ఇందులో ఆమెకి ఒక్కటే ప్రమాదం. ఆయన గుండె రాయి చేసుకుని మారుపలుకు పలికేస్తే, పిల్లకి ఉప్పునీళ్లు ఎక్కుతాయి, ఏమీ కాదు, గోవర్ధనరావు గెలుస్తాడు. గగన్ చావుకి తల్లి సంతకమే కారణంగా మిగిలిపోతుంది, ఎప్పటికీ.

*

అద్దాల గదిలో మంచం మీద ఇందుజ కాళ్లు ఊపుతూ కూర్చుంది. పక్కన రోహిణి, ఆమె భర్త మురళి. గోడ దగ్గర సంఘం అధ్యక్షురాలు డాక్టర్ రత్నకుమారి, ఒళ్లో ఫైలు. రిటైరైనా కళ్లజోడు మీంచి చూసే చూపు రిటైర్ కాలేదు. మూలన కెమెరా. గోవర్ధనరావు కొత్త తెల్లకోటులో, పెళ్లిపెద్దలా అందరినీ పలకరిస్తున్నాడు.

నొప్పెడుతుందా ఆంటీ అని ఇందుజ అడిగింది. నీకు కాదమ్మా అంది వకుళ.

తరవాత కెమెరా వైపు తిరిగి, రోజూ చెప్పే గొంతుతోనే చెప్పింది. ఈ రోగికని వచ్చిన సీసాలో చీటీకీ మందుకీ తేడా ఉంది. నిబంధన ప్రకారం దాన్ని సీలు వేసి డాక్టర్ రత్నకుమారిగారికి అప్పగించాను. ఇది కొత్త సీసా. చీటీలో రాసినదే.

గోవర్ధనరావు చెయ్యి కోటు గుండీ దగ్గర ఆగింది.

"మందు, సాధారణం" అని చదివింది వకుళ. "రోగి, ఇందుజ."

ఆయన పలకలేదు. పాత సీసా ఒకసారి చూస్తానన్నాడు. తేడా ఏమిటో చెప్పి చూడండి అంది రత్నకుమారి. ఆయన నవ్వబోయాడు. పాపకి ఒళ్లు వెచ్చగా ఉన్నట్టుంది, ఇవాళ వద్దన్నాడు.

"తొంబై ఎనిమిది పాయింటు నాలుగు బాబూ" అంది అప్పలనరసమ్మ తలుపు దగ్గర్నుంచి. "రొండుసార్లు సూసినాను."

రోహిణి విసుక్కుంది. "నాన్నా, భయమేం లేదని ఇంట్లో వందసార్లు చెప్పావు. ఇప్పుడేంటి? మావా, పాప చెయ్యి పట్టుకో."

మురళి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. అప్పలనరసమ్మ దూదితో తుడిచింది. వకుళ సిరంజి ఎత్తింది.

"మందు, సాధారణం. రోగి, ఇందుజ. సార్, మారుపలుకు."

ఆయన పెదవులు విడివడ్డాయి. "మందు..." అన్నాడు. అంటాడు అనుకుంది వకుళ. పేరు కోసం అనేస్తాడు. "సా..." అన్నాడు ఆయన. కళ్లు మనవరాలి మోచేతి మీద, నీలంగా కమిలిన చోట నిలిచిపోయాయి.

"వద్దు" అన్నాడు. "వాళ్లు మేనరికం."

రత్నకుమారి ఫైలు తెరిచింది. రక్తసంబంధం లేదని ఇక్కడ మీరే సంతకం పెట్టారు అంది. మేనరికమైనా ఈ మందుకి సంబంధం లేదని మాకు రాసిచ్చారు కూడా అంది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?"

గోవర్ధనరావు కెమెరా వైపు చూశాడు. అప్పలనరసమ్మ వైపు చూశాడు. చివరికి వకుళ వైపు చూడబోయి, చూడలేక, నేల చూశాడు.

"ఆ పిల్లాడి కంటే ముందే."

రోహిణి తండ్రి వైపు నుంచి మొహం తిప్పుకుంది. తరవాత, మావా, పాపని ఎత్తుకో అంది నెమ్మదిగా. ఆయన పక్కనుంచి వెళుతున్నప్పుడు, తన చీర కొంగు ఆయన కోటుకి తగలకుండా పట్టుకుంది.

అందరూ వెళ్లి ఆయన ఒక్కడే మిగిలాక వకుళ సిరంజిలో ఉన్నది ట్రేలోకి చిమ్మింది. "ఉప్పునీళ్లు సార్" అంది. "ఇంకొక్క మాట పూర్తిగా పలికి ఉంటే మీరే గెలిచేవారు."

*

ఎనిమిది రోజులకి గోవర్ధనరావు ఆమె ఇంటికి వచ్చాడు, మిట్టమధ్యాహ్నం. అప్పటికి ఆయన డైరెక్టరు కాడు. పేపర్లలో మొదటి పేజీ అయిపోయింది, పోలీసులు ఒకసారి వచ్చి వెళ్లారు. గడప బయటే నిలబడ్డాడు. లోపల గగన్ సైకిల్ గోడకి ఆనించి ఉంది. వకుళ రమ్మనలేదు.

సంగతి ఆమెకి ముందే తెలుసు. రత్నకుమారి ఫోన్ చేసింది. ఇందుజ ప్లీహం ఇంకా పెరిగింది. సీలు వేసిన ఆ అరువు సీసా ఒక్కటే దారి. రోహిణి రక్తంతో కొత్తది చేయాలంటే ఏడాది పడుతుంది, ఆ పిల్లకి ఏడాది లేదు. ప్రత్యేక అనుమతి సంఘం ఇస్తుంది. కానీ నమూనా నూట పద్నాలుగు ఎవరిదో వాళ్లు సంతకం పెట్టాలి. అమ్మా, నేను నిన్ను అడగను, అడిగే హక్కు మాకు లేదు అంది రత్నకుమారి.

గోవర్ధనరావు ఆ కాగితం ముందుకు చాపాడు. నీ కాళ్లు పట్టుకుంటానన్నాడు.

"నా కాళ్లు మీకెందుకు సార్" అంది వకుళ. "నాకు మీ నోరు కావాలి."

చెప్పింది. గగన్ కంటే ముందు ముగ్గురు పిల్లలు. పాడేరు, పలాస, నర్సీపట్నం. ఆ మూడు ఇళ్లకీ వెళ్లాలి. తలుపు దగ్గర నిలబడి, మీ బిడ్డ జబ్బుతో పోలేదు, నేను తెలిసే ఇచ్చిన మందుతో పోయింది అని చెప్పాలి. తోడు అప్పలనరసమ్మ వస్తుంది. నువ్వు సంతకం పెడతావా అప్పుడు అని ఆయన అడిగాడు. వెళ్లి రండి, అప్పుడు ఆలోచిస్తాను అని తలుపు వేసేసింది.

మూడు రోజుల్లో మూడూ తిరిగాడు. పాడేరులో ఎవరూ మాట్లాడలేదట, మంచినీళ్లు కూడా ఇవ్వలేదట. నర్సీపట్నంలో ఆ తల్లి మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అని నాలుగుసార్లు చెప్పించుకుందట.

"పలాసలో ఆ గుంటడి తండ్రి సెప్పు తీసీసినాడమ్మా" అంది అప్పలనరసమ్మ. "నాను అడ్డెళ్లనేదు. కాలు నొప్పి గదా నాకు."

వకుళ నవ్వింది. ఆ నవ్వు ఆమెకే కొత్తగా వినిపించింది.

సంతకం పెట్టింది. గోవర్ధనరావు కోసం కాదు, ఇందుజ మీద జాలితో మాత్రమే కూడా కాదు. ఈ ఒక్క సూదితో ఆ పిల్ల రక్తకణాలు వకుళ పేజీని చూసి రాసుకుంటాయి. ఆ పేజీలో దిష్టిచుక్క ఉంటుంది. ఇక ఎన్నేళ్లు బతికినా, ఎప్పుడు రక్తం తీసి చదివినా, అందులో వకుళ కనిపిస్తుంది. తన కొడుక్కి దక్కనివ్వనిది ఆయన ఇంట్లోనే తిరుగుతుంటుంది, నవ్వుతుంది, పెద్దదవుతుంది. చూసినప్పుడల్లా ఆయనకి తెలుస్తుంది. అంతకంటే దీర్ఘమైన శిక్ష ఏ కోర్టూ వేయలేదు.

కాగితం అడుగున ఒక షరతు మాత్రం తన చేత్తో రాసింది. మారుపలుకు ఆయనే పలకాలి.

*

అదే అద్దాల గది. అదే కెమెరా. మందు ఇవ్వడానికి ఇంకో వైద్యుడు వచ్చాడు. తెల్లకోటు లేని గోవర్ధనరావు గోడ పక్కన నిలబడ్డాడు, పరీక్ష రాయడానికి వచ్చినవాడిలా. రోహిణి ఆయన వైపు చూడడం లేదు. ఇందుజ మాత్రం తాతయ్యా అని పిలిచింది. ఆయన తలెత్తలేదు.

వకుళ చీటీ చదివింది. "మందు, అరువు ప్రతి."

"మందు, అరువు ప్రతి" అన్నాడు.

"రోగి, ఇందుజ."

"రోగి, ఇందుజ."

చీటీ మీద మూడో వరుస ఉంది. ఇంతకుముందు ఏ సీసా మీదా లేనిది.

"ఇచ్చినది, గగన్ తల్లి."

రోహిణి అప్పుడు తలతిప్పి తండ్రిని చూసింది. అందరూ చూశారు. ఆయన పెదవులు కదిలాయి, గాలి లాంటిది ఏదో బయటికి వచ్చింది.

వకుళ సిరంజిని వైద్యుడికి అందించలేదు. తన చేతిలోనే ఉంచుకుంది.

"వినపడలేదు సార్" అంది. "మళ్లీ చెప్పండి."